ఉత్త నెమరు

ఎర్రగుట్ట కింద ఒక మేకల దొడ్డి. వానలు పడగానే మందంతా గుట్టెక్కి అవతలి పచ్చికకి పోవాలి. ఎక్కలేనిది దారిలో మిగిలిపోతుంది. మిగిలిపోయినదాని గురించి ఆ మందలో ఎవరూ మాట్లాడరు. దొడ్డిలో పెత్తనం నక్కది. మేకల దొడ్డిలో నక్క పెత్తనమేంటని అడక్కండి, మేకలే అడగలేదు.

మేత మానేసి మూలన పడుకునే పిల్లలు ఈమధ్య ఎక్కువయ్యాయి. వాటితో మాట్లాడే పని మూటలు మోసే గాడిద బూడిదమ్మకి అప్పజెప్పారు. చెవులు పెద్దవని. ఆమె పిల్ల మొహంలోకి చూసేది కాదు. వీపు తిప్పి కూర్చుని, ఒక చెవి వెనక్కి పెట్టి, అలా ఉండిపోయేది. మొహం చూస్తూ అడిగితే పిల్లలు మనకి నచ్చిందే చెబుతారని ఆమెకి తెలుసు.

ఈసారి వచ్చింది మల్లెచుక్క. కొమ్ములు మొలిచే వయసు మేకపిల్ల, పక్కటెముకలు బయటికొచ్చేశాయి. వెంట తల్లి.

"ఏమ్మా, ఎలా ఉన్నావ్?" అంది బూడిదమ్మ.

"దీనికేం రోగం! తినమంటే తినదు," అంది తల్లి.

"దాన్ని అడిగా వదినా."

"అదేం చెబుతుంది, నేను చెబుతున్నాగా! మేం ముళ్ళకంపలు నమిలి పెరిగాం. దీనికి లేతాకు పెట్టినా మూతి విరుపే."

తల్లిని బయటికి పంపేసరికే సగం పొద్దు పోయింది. మిగతా సగం పిల్ల మాట్లాడలేదు. నక్క బూడిదమ్మ కొట్టంలోకి తల పెట్టింది.

"ఏమైనా తేలిందా అక్కా? బయట ఇంకా పిల్లలున్నాయి."

"ఇంకా నోరు విప్పలేదు."

"మరి ఇంతసేపూ ఏం చేశావ్?"

"ఊరుకున్నా."

"ఊరుకోడానికి గాడిదెందుకు, బండరాయి చాలు! దవడ ఆడి నెమరేసిందా, బాగైనట్టే. పంపేయ్. నాకంతే కావాలి."

బూడిదమ్మ పంపలేదు. రోజూ రమ్మంది, రోజూ ఊరుకుంది. ఒక సాయంత్రం వెనకనుంచి సన్నగా వినబడింది.

"అత్తా, ఎవరికీ చెప్పవుగా?"

"చెప్పను."

"తెల్లారుతుంటే భయమేస్తోంది. మళ్ళీ లేవాలి కదా అని. గుట్టెక్కేటప్పుడు వెనకే ఉండిపోతే బాగుండనిపిస్తోంది."

బూడిదమ్మకి వెనక్కి తిరిగి చూడాలనిపించింది. అయినా తిరగలేదు. "రేపు కూడా రా తల్లీ. ఇదే మాట మళ్ళీ చెప్పినా వింటా."

ఆ సాయంత్రం పిల్ల వెళ్తూ వెళ్తూ ఒక ఆకు కొరికింది.

ఉప్పు మూటలు మోసిన వీపే, ఈ ఒక్క మాట మోయలేకపోయింది. నక్క కనిపెట్టేసింది. "ప్రాణం మీది మాటైతే పెద్దలకి చెప్పాలక్కా. రేపేదన్నా అయితే నీ మెడకే చుట్టుకుంటుంది." అది అబద్ధం కాదు. పిల్లకి ముందు ఒక మాట చెప్పి, అప్పుడు చెబుదాం అనుకుంది బూడిదమ్మ. కానీ నక్క గుమ్మంలోంచి కదల్లేదు. భయపడి చెప్పేసింది.

నీళ్ళ తొట్టి దగ్గర మందంతా ఉండగా నక్క ఆ మాట గట్టిగా అనేసింది. "వెనక ఉండిపోతావా? అందరిలో నా తల తీసేశావు కదే!" అని తల్లి పిల్ల మీద పడింది. మల్లెచుక్క ఒక్కసారి బూడిదమ్మ వైపు చూసింది. అంతే.

మర్నాడు పిల్ల తనంతట తనే వచ్చింది, దవడ అటూ ఇటూ ఆడిస్తూ. "బాగున్నానత్తా. తిన్నా, నెమరేస్తున్నా, చూడు."

బూడిదమ్మ చూసింది. మొదటిసారి మొహంలోకి చూసింది. గాడిదలకి నెమరు లేదు. ఆడే దవడ లోపల ఏముందో ఆమెకేం తెలుసు? పిల్లకి తన మీద కోపం పోయిందిలే అనుకుని ఊపిరి పీల్చుకుంది. కన్నతల్లి పిల్ల మూతి వాసన చూసినా తెలిసేదే. ఆవిడేమో పిల్ల బాగైందని దొడ్డంతా చెప్పుకునే పనిలో ఉంది.

"చూశావా అక్కా! తర్వాతెవరు?" అంది నక్క.

వానలు పడ్డాయి. మంద గుట్టెక్కింది. సగం దారిలో మల్లెచుక్క కాళ్ళు మడిచి కూలబడింది. మూటతోనే వెనక్కి దిగొచ్చింది బూడిదమ్మ. పిల్ల మూతి దగ్గర ముక్కు పెట్టింది. ఆకు పచ్చివాసన లేదు.

"ఉత్త నోరా?"

"దవడ ఆడితే చాలన్నారుగా అత్తా."

పైనుంచి తల్లి అరుస్తోంది: "వస్తుందిలే, బాగైందిగా!" మంద మలుపు తిరిగిపోయింది. రాతి చాటునుంచి నక్క వచ్చింది.

"నువ్వు నడువక్కా. పైన నీకోసం ఇంకా పిల్లలున్నాయి. దీన్ని నేను చూసుకుంటా."

అప్పుడు చూసింది బూడిదమ్మ. నక్క దవడ కూడా ఆడుతోంది.

వీపు దులిపి మూట కింద పడేసింది. నక్కకి ఎదురుగా, పిల్లకి వీపు తిప్పి కూర్చుంది. ఒక చెవి వెనక్కి పెట్టింది. వానలో అలాగే ఉంది. చాలాసేపటికి వెనకనుంచి వినబడింది.

"బాగున్నానత్తా. నువ్వెళ్ళు."

నక్క తొందరపడలేదు. రాతి కింద తడవకుండా ముడుచుకుని పడుకుంది.

చెప్పిన మాట దాగని చోట, పిల్లలు చెప్పే మాట ఒక్కటే: బాగున్నాను.