వారం ముందు అచ్చయిన తోకచుక్క

కాకినాడలో దివాకర్ అనే డిగ్రీ కుర్రాడు ఉండేవాడు. లెక్కల్లో మెరుపే కానీ, ఒకసారి కట్టిన లెక్కను మళ్లీ చూసుకోవడం నామోషీ అనుకునేవాడు.

ఆ ఏడాది సైన్స్ దినోత్సవానికి అతను తనంతట తానే ఒక పని తలకెత్తుకున్నాడు. పాత పత్రికల్లో సైన్స్ సంగతులు ఎలా రాశారో వెతికి, గ్రంథాలయంలో ప్రదర్శన పెడతానన్నాడు. గ్రంథాలయాధికారి ఫాతిమా గారు పాత సంచికల గది తాళం ఇచ్చారు.

"మనూరివాళ్లు ఒక్క దాంట్లోనైనా అందరికన్నా ముందున్నారని చూపిస్తానండీ!" అన్నాడు దివాకర్.

యాభై ఏళ్ల కిందట ఆ ఊళ్లో 'తెలివెన్నెల' అనే వారపత్రిక వచ్చేది. ఇందుమతి అనే ఫిజిక్స్ లెక్చరర్ అందులో సైన్స్ శీర్షిక రాసేవారు. అప్పట్లో రానున్న ఒక తోకచుక్క గురించి ఒక సంచికలో ఆవిడ ఇలా రాశారు: "తోకచుక్కను మన తీరం నుంచే చూడవచ్చు. తెల్లవారుజామున తూర్పున, సముద్రానికి జానెడు పైన వెతకండి."

ఇందుమతి గారికి ఎనభై దాటాయి. ఊళ్లోనే ఉన్నారు. దివాకర్ వెళ్లి ఆవిడను ముఖ్య అతిథిగా పిలిచాడు.

"ఎక్కడ కనిపిస్తుందో ఆ లెక్క నేనే కట్టాను నాయనా. ఇన్నాళ్లకి అడిగినవాడివి నువ్వే," అని ఆవిడ మురిసిపోయారు.

మర్నాడు దివాకర్ ఆ ఏటి దినపత్రికలు తిరగేశాడు. తోకచుక్క మన తీరంలో మొదటిసారి కనిపించిందన్న వార్త మార్చి ఏడున వచ్చింది. వారపత్రిక అట్ట మీద మార్చి పదకొండు అని ఉంది. దివాకర్ మొహం మాడిపోయింది. నాలుగు రోజుల తరవాత రాసి, సొంత లెక్క అంటారా!

వెంటనే ఫోన్ చేశాడు. "మేడమ్, మిమ్మల్ని వేదిక మీద కూర్చోబెట్టలేనండీ. దినపత్రికల్లో వచ్చాకే మీరు రాశారు."

"కాపీ కొట్టానంటావా? ఇంకోసారి చూడు నాయనా," అన్నారు ఇందుమతి గారు.

"పదకొండులోంచి ఏడు తీసెయ్యడానికి రెండుసార్లెందుకండీ?" అని ఫోన్ పెట్టేశాడు.

ఆవిడ పేరున్న బోర్డు తీసెయ్యడానికి గ్రంథాలయానికి వెళ్లాడు. అక్కడ ఫాతిమా గారు ఆ ఉదయం వచ్చిన కొత్త వారపత్రికలకు ముద్రలు కొడుతున్నారు. దివాకర్ కళ్లు ఊరుకుంటాయా?

"మేడమ్, తప్పు కొట్టారు! పుస్తకం మీద మార్చి ఒకటి అనుంది. మీ ముద్రేమో ఫిబ్రవరి ఇరవై రెండు."

ఫాతిమా గారు నవ్వారు. "ఇవాళ ఇరవై రెండే కదయ్యా! వారపత్రికలు వచ్చే వారం తేదీ వేసుకుని ముందే వస్తాయి. మాకు చేరిన రోజు ముద్ర మేం కొడతాం. ఇవాళ మొదలైన పద్ధతి కాదులే."

దివాకర్ బోర్డు సంగతే మరిచిపోయాడు. మరుక్షణం పాత సంచికల గదిలోకి పరుగెత్తాడు. 'తెలివెన్నెల' అట్ట మాత్రమే చూశాడు తప్ప, దాని వెనక ఏముందో చూడలేదు. ఇప్పుడు తిప్పి చూశాడు. వెలిసిపోయిన ఊదారంగు ముద్ర: మార్చి నాలుగు.

అంటే ఊళ్లోవాళ్లు ఇందుమతి గారి వ్యాసం చదివిన మూడు రోజులకు గానీ దినపత్రికల్లో ఆ వార్త రాలేదు!

సిగ్గుతోనూ సంతోషంతోనూ ఒకేసారి అతని చెవులు ఎర్రబడ్డాయి. సైకిలెక్కి ఆవిడ ఇంటికి వెళ్లాడు.

"క్షమించండి మేడమ్. తప్పు నాదే. లెక్క మళ్లీ చూశాను."

"ఎంతొచ్చింది?" అన్నారావిడ, తలుపు సగమే తీసి.

"మీరు మూడు రోజులు ముందండీ."

అప్పుడు తలుపు పూర్తిగా తెరుచుకుంది. "తీసివేత బాగానే చేశావులే. దేంట్లోంచి తీస్తున్నావో చూసుకోలేదు, అంతే. లోపలికి రా, కాఫీ తాగుదువుగాని."

సైన్స్ దినోత్సవం నాడు హాలు కిటకిటలాడింది. ఆ సంచికనూ, పక్కనే దినపత్రికనూ అద్దాల పెట్టెలో పెట్టారు. దివాకర్ మైకు పట్టుకుని ముందు తన పొరపాటు చెప్పాడు. తరవాత ఛాతీ పొంగించి, "మన కాకినాడ పత్రికే ముందు!" అన్నాడు. చప్పట్లు మారుమోగాయి. వేదిక మధ్య కుర్చీలో ఇందుమతి గారు ఠీవిగా కూర్చుని ఉన్నారు.

నీతి: ఎంత చురుగ్గా లెక్క కట్టినా, ఒకరి మీద నింద వేసే ముందు ఆ లెక్కను మొదటినుంచీ సరిచూసుకోవాలి.