ఊ కొట్టిన నేరం

చిత్రగిరి రాజుగారికి లేకలేక కొడుకు పుట్టాడు.

"పసివాడి బుర్ర పచ్చికుండ. పనివాళ్ల పిచ్చిమాటలు తగిలితే వంకర తిరిగిపోతుంది. మాటలొచ్చేదాకా వాడి దగ్గర ఎవరూ నోరు విప్పకూడదు" అన్నాడు రాజగురువు శేషావధాని. రాజుగారు అలాగే చాటించారు.

పిల్లాడికి నీళ్లు పోసే నూకాలు ఎంతకని నోరు మూసుకుంటుంది? వాడు ఆమె కాళ్లమీద పడుకుని "ఉంగా" అంటే, "ఊ, ఆ తర్వాత?" అనేసింది. భటులు తీసుకెళ్లి సభలో నిలబెట్టారు.

"మాట తెలియని పసిగుడ్డుతో నీకు కబుర్లేమిటే? ఇక కోట గడప తొక్కకు" అని గద్దించాడు గురువు.

"తప్పే మహాప్రభో" అంది నూకాలు రాజుగారితో. "పోయేముందు గురువుగారి నోట ఓ కథ వినాలనుంది. కాకపోతే ఎవరూ ఊ కొట్టకూడదు, ఆయన మొహం చూడకూడదు."

రాజుగారికి సరదా పుట్టి సరేనన్నారు. గురువు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. సభంతా పైకప్పు చూస్తూ కూర్చుంది. కథలో రాకుమారి అడవి చేరేసరికి ఆయన తడబడ్డాడు. ఏనుగు ఎదురయ్యేసరికి కథే మరిచిపోయాడు.

"నేనేమైనా గోడలకు చెబుతున్నానా?" అని విసుక్కున్నాడు.

"ఊ కొట్టే దిక్కులేక, ఇంత చదివిన మీకే ఉన్న మాటలు పోయాయి కదయ్యా. ఆ పసివాడికి లేని మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయి?" అంది నూకాలు.

సభ గొల్లుమంది. అంతలో తెరవెనక రాణిగారి ఒడిలోంచి "ఉంగా" అని వినిపించింది.

అందరికంటే ముందు "ఊ" అన్నది గురువుగారే.