అందరికన్నా ఆఖరున వచ్చేవాడు

కుందవరమనే ఒకానొక రాజ్యంలో రణభైరవుడనే రాజు ఉండేవాడు. కోట గుమ్మాలకీ, కాలవలకీ, ఆఖరికి ఓ మామిడి రకానికీ తన పేరే పెట్టుకున్నాడు. ఇక మిగిలింది అంకెలే.

ఆ కొరతా ఆస్థాన గణకుడు శ్రీకరాచార్యులు తీర్చాడు.

"ప్రభూ, రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. ఒకటీ, తానూ తప్ప దీన్ని ఏదీ సరిసమానంగా భాగించలేదు. ఇలాంటి అభేద్య సంఖ్యల్లో ఇదే కడపటిది."

"మా తర్వాత మరో వీరుడు లేనట్టే," అని రాజు మీసం దువ్వి, దాన్ని తన పేరున శిలమీద చెక్కించమన్నాడు.

సభంతా తలలూపింది. విదూషకుడు సూరప్పకు మాత్రం నవ్వొచ్చింది. భయమూ వచ్చింది గానీ, నవ్వే ముందు బయటపడింది.

"నవ్వుతావా? దీన్ని మించింది ఉందని ఇప్పుడే చూపించు," అన్నాడు రాజు. "లేదా పెళ్ళాం పిల్లలతో పొలిమేర దాటు."

సూరప్ప లెక్కలు వీధిబడి కిటికీ బయట నిలబడి నేర్చినవి. సగం గాలికే పోయాయి. తోచిందల్లా రాజుగారి విందు. అక్కడ వరుసలు ఒకటికి మించి ఉండాలి, అన్నీ సమానంగా ఉండాలి, ఎవరికీ ఒంటరిగా విస్తరి వేయకూడదు. అది కుందవరం ఆచారం. రోజూ ఆలస్యంగా వెళ్ళి, ఏ వరుసలోనూ ఇమడక, స్తంభం పక్కన నిలబడిపోయేది సూరప్పే.

ఆరుగురు సభికులను కూర్చోబెట్టాడు. "ఇద్దరేసి కూర్చున్నా, ముగ్గురేసి కూర్చున్నా వరుసలు సరి. ఇప్పుడు నేనొచ్చాను. ఎలా సర్దినా నేను మిగులుతాను. ఏడు, అభేద్యం.

"ఇక పెద్ద విందు. రెండు, మూడు, అయిదు మొదలు మీ సంఖ్య దాకా ఉన్న అభేద్యాలన్నీ గుణించి, అంతమందిని పిలవండి. వాటిలో ఏ కొలతతో వరుసలు వేసినా సరిపోతారు. చివర నేనొస్తాను. వాటిలో ఏ కొలతైనా నేను మిగులుతాను."

"వేరే కొలత కుదిరితే?" అన్నాడు ఆచార్యులు.

"కుదిరిన కొలతల్లో అన్నిటికన్నా చిన్నది చూడండి స్వామీ. దాన్ని ఇంక విడగొట్టలేం. అంటే అదీ అభేద్యమే. మీ సంఖ్య దాకా ఉన్నవాటన్నిటికీ నేను మిగిలాను గనక, ఇది దాన్ని మించినదే. ఏదీ కుదరకపోతే ఆ జనం లెక్కే అభేద్యం."

ఆచార్యులు వేళ్ళు ముడిచి, విప్పి, తలూపాడు.

రాజు కళ్ళముందు విస్తళ్ళు కోట దాటాయి, ఏరు దాటాయి, కొండల వెనక చుక్కల్లోకి సాగిపోయాయి. ఆ చివర్నుంచి ఒక్కడు, తీరిగ్గా నడిచొస్తున్నాడు.

"ఆ కొత్తదాన్నీ చెక్కిస్తే?" అన్నాడు రాజు, మెల్లగా.

"మళ్ళీ విందు పెట్టించండి ప్రభూ. మళ్ళీ నేను ఆలస్యంగానే వస్తాను."

రాజు పగలబడి నవ్వాడు. తన చేతి కంకణం తీసి సూరప్పకు తొడిగాడు. శిలమీద సంఖ్య మాత్రమే చెక్కి, తన పేరు మాని, కింద రాబోయే సంఖ్యలకు చోటు వదలమన్నాడు.

ఆ పూట విందులో రాజు తన పక్కన ఒక విస్తరి వేయించి, ఎంతకీ ముద్ద ముట్టలేదు. వడ్డనవాళ్ళు అడిగితే గుమ్మం వైపే చూస్తూ అన్నాడు:

"ఆగండి. ఇంకొకడు రావాలి."