సగం పేరు చినుకు

అనగనగా జంటకోట అని ఒక రాజ్యం. దానికో రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ఇక్కడిదాకా అన్ని రాజ్యాల్లాంటిదే. కానీ అక్కడ పేరు పెట్టించుకోవడం ఉంది చూశారూ, అది మామూలు గొడవ కాదు.

అక్కడ ఎవరి పేరైనా రెండు ముక్కలు. మొదటి ముక్క పుట్టగానే అమ్మ పెట్టేస్తుంది. రెండోది మాత్రం సంపాదించుకోవాల్సిందే. నువ్వు ఎవరికైనా మేలు చేశావనుకో, ఆ మేలు పొందినవాళ్ళు నీ నాలిక మీద బెల్లం పెట్టి, ముగ్గురు సాక్షుల ముందు, నీ చెవిలో ఆ ముక్కని మూడుసార్లు చెప్తారు. సాక్షులు మనుషులే కానక్కర్లేదు, మాను అయినా పిట్ట అయినా సరే. తన పేరు తను పెట్టుకోకూడదు, ఇంట్లోవాళ్ళూ పెట్టకూడదు. చెవిలో మాట పడిందా, ఇంక ఊరికే పిలుపు కాదు, నిజంగా అలా అయిపోతావ్. కొత్త ముక్క వస్తే పాత ముక్క రాలిపోద్ది. బండనోరు అని ఒకడుండేవాడు, నోరు తెరిస్తే బూతులే. ఒకరోజు ముసలమ్మ మీద పడిన బండిని ఎత్తి పక్కన పడేశాడు. ఆవిడ బెల్లం పెట్టి 'బండభుజం' అంది. భుజాలు దూలాల్లా అయ్యాయి, బూతులు బంద్. అంత పవర్ అన్నమాట పేరుకి.

రాజుగారి పేరు కొండగుండె. పెద్దకొడుకు పులిఅడుగు, వాడు నడిస్తే నేల అదిరేది. రెండోవాడు మెరుపుచెయ్యి, వాడు కత్తి తీశాడో లేదో చూసేలోపే మళ్ళీ ఒరలో పెట్టేసేవాడు. మూడోవాడు చినుకు.

చినుకు ఏంటి? చినుకు అంతే. పద్దెనిమిదేళ్ళొచ్చినా రెండో ముక్క రాలేదు. వాడు ఎవరికీ ఏమీ చెయ్యలేదని కాదు. నిచ్చెన పట్టుకునేవాడు, తప్పిపోయిన దూడని తోలుకొచ్చేవాడు, చిక్కుపడ్డ వలలు విప్పేవాడు. "ఇంత చిన్నదానికి పేరేంటి నాయనా" అని జనం నవ్వి పోయేవాళ్ళు. సగం పేరున్నవాళ్ళు కొలువులో కూర్చోకూడదు, బంతిలో తినకూడదు, పెళ్ళి చేసుకోకూడదు. రాజుగారి కొడుకైనా సరే, గడప అవతలే.

అన్నలు ఊరుకుంటారా? "చినుకంట చినుకు! పడితే ఇంకిపోద్ది. వీడేమన్నా సముద్రాలు దాటుతాడా?" అని ఒకటే ఎగతాళి.

గడప అవతల వాడి పక్కన కూర్చునేది ఒక్కతే, వంటశాల పెద్దగారి కూతురు తేనెగొంతు. అది పాడితే కాగే పాలు కూడా పొంగకుండా వినేవి. దాని కొంగున ఎప్పుడూ ఒక బెల్లం ముక్క మూటకట్టి ఉండేది.

"అది ఎవరికే?" అని అడిగాడు చినుకు.

"నీకేరా మొద్దూ. నీ పేరు రోజు కోసం."

"అయితే ఇప్పుడే పెట్టెయ్ గా."

"ఎలా పెట్టను? నాకు నువ్వేం చేశావని? నేను చెట్టెక్కితే నిచ్చెన పట్టుకోవాలా? నేనే దూకేస్తాగా. పెద్దది ఏదైనా చేసి ఏడు, అప్పుడు పెడతా."

సరే. ఆ సంవత్సరం పేర్ల పండగ వచ్చింది. ఆ రోజు కొలువులో అందరి పూర్తి పేర్లూ గట్టిగా చదువుతారు. పేరు వినపడ్డవాడు మీసం మెలేస్తాడు. అప్పుడే నల్లటి శాలువా కప్పుకుని ఒక మాంత్రికుడు వచ్చాడు. భుజం మీద రెక్కల్లేని చిలక.

"నన్ను నల్ల అంటారు. నాకూ ఒక రెండో ముక్క పెట్టండి" అన్నాడు.

"ఎవరికి ఏం మేలు చేశావయ్యా?" అని అడిగాడు రాజు.

"మేలా? నేనెందుకు చేస్తాను?"

కొలువంతా పగలబడి నవ్వింది. వాడు నవ్వలేదు. ఓ మూల కూర్చున్నాడు. జనం వాణ్ణి మర్చిపోయి, ఎప్పట్లాగే పేర్లు చదవడం మొదలెట్టారు. బయటివాడి ముందు పూర్తి పేర్లు చదవకూడదని ఒక్కడికీ తట్టలేదు, గొప్ప చూపించుకోవడంలో పడిపోయి!

"కొండగుండె!" అన్నాడు చదివేవాడు. చిలక ముక్కుతో 'టక్' మంది. పేరులోంచి గుండె తెగిపోయింది. రాజు కొండలా బిగుసుకుపోయాడు, కన్నీళ్ళు లేవు, నవ్వు లేదు. "పులిఅడుగు!" టక్. పెద్దోడు కూర్చున్నచోటే గుర్రుమంటున్నాడు, అడుగు పడట్లేదు. "మెరుపుచెయ్యి!" టక్. రెండోవాడు తళుక్కుమని అటూ ఇటూ గెంతుతున్నాడు, చేతులు మాత్రం వేలాడిపోతున్నాయి. గడప దగ్గర్నుంచి చినుకు "ఆపండీ!" అని అరిచేలోపే "తేనెగొంతు!" అనేశారు. టక్.

తేనెగొంతు నోరు తెరిచింది. చిన్న శబ్దం కూడా రాలేదు.

నల్ల బయటికొస్తూ చినుకుని చూశాడు. "నీ పేరేంట్రా?"

"చినుకు."

టక్ టక్. చిలక రెండుసార్లు కొరికింది. గాలి తప్ప ఏం తెగలేదు.

"ఛీ, సగం పేరోడు" అని విసుక్కుని, ఒక నల్లమబ్బు ఎక్కి ఏడు సముద్రాల అవతలికి పోయాడు.

అందరి రెండో ముక్కలూ పోయాక, రాజ్యంలో చెక్కుచెదరక మిగిలినవాడు ఒక్క చినుకు. వాడు బయల్దేరుతుంటే తేనె వచ్చి, కొంగు విప్పి, బెల్లం ముక్క వాడి చేతిలో పెట్టింది. ఏదో చెప్పాలని చూసింది, రాలేదు. వాడికి అది తిట్టినా బాగుండు అనిపించింది.

"నీ గొంతు తెస్తానే. అప్పటిదాకా అన్నీ గుర్తుపెట్టుకో, వచ్చాక ఒకేసారి తిడుదువుగాని."

మొదటి సముద్రంలో దిగాడో లేదో, అల కొట్టి మునిగిపోయాడు. చేటంత తాబేలు ఒకటి వాణ్ణి మెడ పట్టి ఒడ్డుకి లాగింది.

"ఎక్కడికిరా మనవడా?"

చినుకు అంతా చెప్పాడు. "ఆ చిలక పీక నులిమేస్తా తాతా" అన్నాడు.

"తొందరపడకు. నల్ల తన పేరు తనే పెట్టుకున్నాడు, కత్తెర అని. తనకి తను పెట్టుకున్న పేరు ఒంటికి అంటుకోదు కదా, తీసుకెళ్ళి చిలక మీద అతికించాడు. అది ఇప్పుడు చిలకకత్తెర. వాడి ప్రాణం కూడా ఆ కత్తెరతోనే ఉంది. చిలకని చంపితే వాడూ చస్తాడు, నిజమే. కానీ అది కోసిన ముక్కలన్నీ కూడా చస్తాయి. నీ తేనె గొంతుతో సహా."

 చినుకు బెల్లం కొంచెం గిల్లి తాబేలు నోట్లో పెట్టాడు.

"ఇదేంట్రా?"

"నన్ను బతికించావుగా. పేరు."

"నీకే లేదు, నాకిస్తావా?" అని తాబేలు నవ్వింది.

"సగం పేరోడు పెట్టకూడదని ఎవరన్నారు తాతా? ఇంతవరకు ఎవరూ అడగలేదంతే." అలనీ ఇసకనీ ఒక పీతనీ సాక్షుల్ని చేసి, చెవి ఎక్కడుందో వెతుక్కుని, మూడుసార్లు చెప్పాడు. "తాబేలుపడవ."

అంతే, తాబేలు డొప్ప పడవంత అయింది. మూడు సముద్రాలు హాయిగా దాటేశారు.

నాలుగో సముద్రం నీళ్ళు సలసలా కాగుతున్నాయి. ఒడ్డున ఎండకి సొమ్మసిల్లబోతుంటే ఒక కొంగ వచ్చి రెక్క చాపి నీడ ఇచ్చింది. చినుకు బెల్లం గిల్లాడు. "కొంగబాణం." కొంగ సర్రున లేచింది. వాడు దాని కాళ్ళు పట్టుకున్నాడు. మళ్ళీ చేటంత అయిపోయిన తాబేలుని వీపుకి కట్టుకున్నాడు. "తాతా, నువ్వు బరువెక్కావ్" అంది కొంగ. "పేరొచ్చాక అంతే అమ్మాయ్" అంది తాబేలు. అలా మూడు సముద్రాలు.

ఏడో సముద్రం మీద గాలి కూడా లేదు, నీళ్ళు కూడా కదలవు, పైన ఎగిరేదల్లా కింద పడిపోతుంది. ఆకలితో కూలబడ్డ చినుకుకి ఒక ఎలుక తన వేరుశనగ గింజలో సగం కొరికి ఇచ్చింది. వాడు బెల్లం గిల్లాడు. "ఎలుకసొరంగం." ఇంక చూడండి, బండి పట్టేంత సొరంగం సముద్రం అడుగునుంచి తవ్వేసింది. సరిగ్గా నల్ల మేడ తలుపు ముందు తేలారు.

"ఎవరు నువ్వు? పూర్తి పేరు చెప్పు!" అంది తలుపు.

చినుకు గుర్తుపట్టాడు. అది తేనె గొంతు! కోసిన గొంతుని నల్ల తలుపుకి అతికించాడు, అది తలుపుగొంతు అయిపోయింది. తాబేలు గొప్పగా "నా పేరు తా..." అని మొదలెట్టబోతే చినుకు దాని నోరు మూసేశాడు.

"చినుకు" అన్నాడు.

లోపల టక్ టక్ మంది. పేరు కోశాక తెరుచుకోవాలని తలుపుకి కట్టడి. శబ్దం వినగానే కోత అయిపోయిందనుకుని తెరుచుకుంది.

లోపల కుర్చీఅడుగు, అంటే నడిచే కుర్చీ. దాని మీద కూర్చుని నల్ల పప్పుచారు అన్నం తింటున్నాడు. గరిటెచెయ్యి వడ్డిస్తోంది. మూలన రాతిగుండె, చిన్న రాయి, వెక్కి వెక్కి ఏడుస్తోంది. అది నాన్న గుండె అని చినుకుకి తెలిసిపోయింది. కిటికీలో పంజరం, దాంట్లో చిలక.

"నువ్వా!" అన్నాడు నల్ల. "నీ దగ్గర కొయ్యడానికేం లేదు. నన్ను పొడవడానికి కత్తి తెచ్చావా? చిలకని నులుముతావా? నులుము చూద్దాం."

"దాహంగా ఉంది. గ్లాసుడు మంచినీళ్ళివ్వు" అన్నాడు చినుకు.

"ఏంటీ?"

"ఇస్తే మేలు చేసినట్టేగా. బెల్లం ఉంది. నీకు సరైన పేరు పెడతా. దాంతో నువ్వే బతకొచ్చు, చిలకతో పని లేదు." వాడు ఆటకి అనలేదు, నిజంగానే అన్నాడు.

నల్ల చేతిలో ముద్ద ఒక్క క్షణం ఆగింది. తర్వాత పెదవి విరిచాడు. "నీకు నీళ్ళు ఇవ్వడమా! పోరా."

"నీ ఇష్టం" అని చినుకు కిటికీ దగ్గరికి వెళ్ళాడు. పంజరంలో సగం తిన్న జాంపండు ఉంది. "చిలకమ్మా, నాకు కొంచెం పెట్టవా?"

చిలక బిత్తరపోయింది. "నన్నా అడుగుతున్నావ్? ఇన్నేళ్ళలో నన్నెవరూ ఏమీ అడగలేదు. 'కొయ్' అనడమే." అది జాంపండు ముక్క కొరికి ఊచల మధ్యలోంచి ఇచ్చింది. చినుకు తిన్నాడు.

"పంజరం తలుపు తెరిచే ఉంది కదా, ఎగిరిపోవచ్చుగా?"

"రెక్కలేవి? వాడు కత్తెర అతికించిన రోజే రాలిపోయాయి."

చినుకు బెల్లం కట్టుకున్న గుడ్డ విప్పాడు. గోరంత బెల్లం మిగిలింది. ఇది పెట్టేస్తే తనకి ఇంక లేదు. చూశాడు ఒక్కసారి. చిలక నాలిక మీద పెట్టేశాడు.

"తాతా, కొంగమ్మా, ఎలకా, సాక్షులు మీరే." చిలక చెవిలో మూడుసార్లు చెప్పాడు. "చిలకరెక్క. చిలకరెక్క. చిలకరెక్క."

"ఏయ్, ఆపరా!" అని నల్ల లేచాడు, అన్నం కింద పడింది. అప్పటికే అయిపోయింది. చిలకకి రెండు పచ్చటి రెక్కలు మొలిచాయి. కత్తెర రాలి, తుప్పుపట్టి, పొడైపోయింది. దాంతోపాటే నల్ల కూడా గోడ మీద పొయ్యి మసిలా మిగిలాడు. రాయి ఏడుపు ఆపింది, కుర్చీ కూలబడింది. కోసిన ముక్కలన్నీ గువ్వల్లా కిటికీలోంచి ఇళ్ళకి ఎగిరిపోయాయి.

చినుకు జంటకోటకి తిరిగొచ్చేసరికి పెద్దన్న నేల అదిరేలా ఎదురొచ్చాడు. "తమ్ముడూ, ఆ ఎగతాళి మాట వెనక్కి తీసుకుంటున్నాను రా" అన్నాడు. నాన్న గుండెకి హత్తుకుని గట్టిగా ఏడ్చాడు. జనమంతా బెల్లం పట్టుకుని వరసకట్టారు, నేను పెడతా అంటే నేను పెడతా అని.

చినుకు మాత్రం పోయి గడప అవతల కూర్చున్నాడు. తేనెగొంతు వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"నా బెల్లం ఏదిరా?"

అన్ని రోజుల తర్వాత దాని మొదటి మాట అదీ!

"అయిపోయింది" అన్నాడు చినుకు. "అందరికీ పెట్టేశా."

"నీకు తప్ప. మొద్దువి మొద్దువే. ఉండు, బెల్లం కాకపోతే ఏం, తీపైతే చాలు." వంటశాలలోకి పరిగెత్తి, వేలి చివర తేనె బొట్టుతో వచ్చింది. వాడి నాలిక మీద పెట్టింది. తాబేలూ కొంగా ఎలుకా ముందుకొచ్చి నిలబడ్డాయి. చిలక గడప మీద వాలింది. తేనెగొంతు వాడి చెవి దగ్గరికి వంగి, దేశమంతా వినేలా మూడుసార్లు చెప్పింది.

"చినుకుసముద్రం."

అన్నలిద్దరూ తలలు దించుకున్నారు. ముందు చప్పట్లు కొట్టింది కూడా వాళ్ళే.

ఆ వారమే పెళ్ళి. చిలక తలంబ్రాలు పోసింది, తాబేలు మూడు బంతుల్లో తింది. చినుకుసముద్రం రాజై చాలాకాలం ఏలాడు. ఎండాకాలం వచ్చినా ఆ రాజ్యంలో ఒక్క బావి ఎండలేదు. వాడు మార్చిన కట్టుబాటు ఒక్కటే. ఇప్పటికీ జంటకోటలో సగం పేరున్న పిల్లల్ని గడప అవతల కూర్చోబెట్టరు. తీసుకెళ్ళి రాజుగారి పక్కనే కూర్చోబెడతారు. ఏ కత్తెరా కొయ్యలేనిది వాళ్ళనే కదా!

కథ జంటకోటలోనే ఉండిపోయింది, బెల్లం ముక్క మన నోట్లో పడింది.