రాజుగారు కొలువుకు ఆలస్యమైన రోజు

ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. రాజ్యం చిన్నదే గానీ రాజుగారి మీసాలు మాత్రం చిన్నవి కావు. ఆయన పేరు గజకేసరి భూపతి. చెడ్డవాడు కాదు పాపం. తన గురించి తాను చెప్పుకోవడం మొదలుపెడితే ఆపలేడు, అంతే.

ఆయన తరచూ చెప్పుకునే గొప్ప ఒకటుంది. "పట్టాభిషేకం నాటి నుంచి నేను కొలువు తప్పలేదు. పొద్దుపొడుపు గంట మోగేసరికి సింహాసనం మీద ఉంటాను. గంట మోగాక వచ్చినవాడు ఎవడైనా సరే, నా సభ గుమ్మం తొక్కడానికి వీల్లేదు!"

సభలో అందరూ తలలు ఊపేవారు. ఊపకపోతే మళ్లీ మొదటి నుంచి చెబుతాడని భయం.

ఆ రాజుగారు ఊరవతల, వాగు దాటాక, ఒక రాతి బడి కట్టించాడు. ముంగిట తన విగ్రహం నిలబెట్టించాడు. పాఠాలు చెప్పడానికి వేదాద్రి పంతులుగారిని పెట్టాడు. మొదట్లో పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. రానురాను పలచబడ్డారు.

ఒకనాడు రాజుగారు పల్లకీ దిగి బడిలోకి తొంగి చూస్తే, అంత పెద్ద చావడిలో నలుగురైదుగురు పిల్లలు, వాళ్ల ఎదుట పంతులుగారు. కిటికీ బయట మాత్రం ఒక పిల్ల నిలబడి ఉంది. చంకలో ఏడుస్తున్న పసివాణ్ణి ఊపుతూ, లోపలి పాఠాన్ని తనలో తాను వల్లె వేసుకుంటోంది. కుమ్మరివాడ పిల్ల, పేరు బంగారి.

"లోపలికి పోవేం?" అని గద్దించాడు రాజు.

"తమ్ముడు ఏడుస్తాడు దొరా, అప్పుడు ఎవరికీ పాఠం వినపడదు. అమ్మేమో ఇటుకల బట్టీకి పోద్ది. ఈణ్ణి ఇంట్లో వదిలేసి ఎట్టా వచ్చేది?"

"సాకులు!" అన్నాడు రాజు. "వచ్చేవాడికి ఏదీ అడ్డం కాదు. నేను రావడం లేదూ కొలువుకు? ఈ సోమరుల కోసం ఇంత బడి దండగ. పున్నమి నాటికి దీన్ని ఏనుగుల సాల చేయించండి. పంతులుగారు తమ దారి తాము చూసుకోవచ్చు."

 బంగారికి ఏడుపు ముంచుకొచ్చింది. చదువంటే ఆ పిల్లకు ప్రాణం. బయట నిలబడైనా నాలుగు ముక్కలు నేర్చుకుంటున్నాననుకుంటే, ఇప్పుడు ఆ కిటికీ కూడా పోతోంది.

రాజుగారి వెంట వచ్చినవాళ్లలో ముద్దన ఉన్నాడు. ముద్దన మంత్రీ కాదు, సేనాపతీ కాదు. రాజుకు నిజం చెప్పి కూడా తల దక్కించుకోగలడన్న ఒక్క కారణానికి ఆస్థానంలో ఉన్నాడు. అతడు ఆ పిల్ల ముఖం చూశాడు. 

మర్నాడు కొలువులో లేచి చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, తమరు రోజూ కొలువుకు వేళకు రావడానికి ఎవరి సాయం తీసుకుంటారు?"

"ఎవరి సాయమేమిటి? నా పట్టుదల చాలదూ?"

"చాలదని ఎవరన్నారు ప్రభూ! అయితే తెల్లవారుజామున తమకు పనికిరాని మనుషులు కోటలో కొందరున్నారు. మేలుకొలుపు పాడే వందిమాగధులు, నీళ్లు తోడేవాళ్లు, తలపాగా చుట్టేవాడు, వంటవాళ్లు, పల్లకీ బోయీలు, చిన్న యువరాజును ఎత్తుకునే దాది. రేపొక్క పూటకు వాళ్లను నాకు ఇప్పించండి. ఇంకెవరి సాయమూ అడక్కుండా తమరు గంట వేళకు వచ్చారా, బడిలోని పలకలన్నీ నేనే మోసి ఏనుగులకు చోటు చేస్తాను. రాలేకపోయారా, బడి బడిగానే ఉండాలి."

రాజు మీసం దువ్వుకున్నాడు. "ఓస్, ఇంతేనా? తీసుకుపో!"

రాణీగారు అప్పుడు యువరాజును దాదికి అప్పగించి పుట్టింట ఉన్నారు. ఆ సంగతి ముద్దనకు బాగా గుర్తుంది, రాజుగారికే గుర్తులేదు.

మర్నాడు రాజుగారికి మెలకువ వచ్చేసరికి ఎండ మంచం మీద పడుతోంది. గంట ఎప్పుడు మోగిందో తెలియదు. ఉలిక్కిపడి లేచి నూతి దగ్గరకు పరుగెత్తాడు. చేద వేశాడు, తాడు చేజారి చేదతో సహా నూతిలోకి పోయింది. మొహం తుడుచుకుని తలపాగా చుట్టబోతే అది మెడకు చుట్టుకుంది. సరే, ఉత్త తలతోనే పోదామనుకునేలోగా ఊయలలోంచి యువరాజు కెవ్వుమన్నాడు.

రాజు వాణ్ణి ఎత్తుకున్నాడు. వాడు ఊరుకున్నాడు. రాజు దించాడు. మళ్లీ కెవ్వు. మీసాలు ఇచ్చి ఆడించాడు. పిల్లవాడు వాటిని రెండు చేతులా పట్టుకుని లాగాడు గానీ ఆకలి సంగతి మరిచిపోలేదు. వంటింట్లో పాలకుండ ఎక్కడుంటుందో ఆ ఇంటి యజమానికి తెలియదు.

చివరికి కొడుకును చంకనేసుకుని, చెమటలు కక్కుతూ, నడిచి సభకు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. గుమ్మం దగ్గర ద్వారపాలకుడు ఈటె అడ్డం పెట్టాడు.

"గంట మోగాక ఎవరినీ రానివ్వొద్దని ప్రభువులవారి ఆజ్ఞ."

"ఓరి, ఆ ప్రభువును నేనే!"

"చిత్తం. ఆజ్ఞ కూడా తమదే ప్రభూ."

అప్పుడు ముద్దన బయటికి వచ్చి వినయంగా అడిగాడు, "ఇంత ఆలస్యమైందేం ప్రభూ?"

"కనపడటం లేదూ? దాది లేదు. వీడు ఒకటే ఏడుపు. పసివాణ్ణి వదిలేసి ఎలా రమ్మంటావు?"

అనేశాక రాజు తన మాట తానే విన్నట్టు ఆగిపోయాడు.  

కొడుకును రెండో చంకకు మార్చుకుని అడిగాడు, "నా మనుషులు ఎక్కడ?"

"చూపిస్తాను, రండి."

వాగు దగ్గరకు వచ్చేసరికే బడిలోంచి కోలాహలం వినపడింది. చావడి నిండిపోయి అరుగు మీదికి కూడా పిల్లలు పొర్లారు. పంతులుగారు కూర్చోవడానికి చోటు లేక గడప మీద నిలబడి పాఠం చెబుతున్నారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. వంటవాళ్లు చెట్టు కింద రాగిజావ కాస్తున్నారు. చిన్నపిల్లల్ని పల్లకీ ఎక్కించి వాగు దాటించిన బోయీలు తడి పంచెలు ఆరేసుకుంటున్నారు. వందిమాగధుల గొంతులు బొంగురుపోయాయి. తెల్లవారుజామునే వాడవాడకూ వెళ్లి, "కుమ్మరి కులదీపమా, బంగారీ, మేలుకోవమ్మా!" అని గుమ్మం గుమ్మానా పాడారు మరి. బంగారి తమ్ముడు అరుగు మీద ఉయ్యాలలో నిద్రపోతున్నాడు. దాది రాజు చేతుల్లోంచి యువరాజును అందుకుని, ఇన్ని పాలు పట్టి, పక్కనే పడుకోబెట్టింది.

ముందు వరసలో కూర్చున్న బంగారి దగ్గరకు వెళ్లి రాజు అడిగాడు, "ఇవాళ ఎలా వచ్చావే?"

"నన్ను పిలవడానికి మా ఇంటికొచ్చారు దొరా. నేను రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్లు ఇన్నాళ్లూ ఎవరూ లేరు. ఇయ్యాల అడిగారు. తమ్ముణ్ణి కూడా తెమ్మన్నారు."

 రాజు దగ్గి, మీసం సవరించుకున్నాడు.

ముద్దన మెల్లగా అన్నాడు, "ప్రభూ, నిన్న కొలువు నిండింది, బడి ఖాళీ. ఇవాళ బడి నిండింది, కొలువు ఖాళీ. పిల్లలూ మారలేదు, తమరూ మారలేదు. పట్టుదల అటూ ఉంది, ఇటూ ఉంది. మనుషులే ఇటునుంచి అటు వెళ్లారు."

రాజు అతణ్ణి ఎగాదిగా చూసి, పక్కున నవ్వాడు. మీసాలు అదిరేలా నవ్వాడు. "నా మనుషుల్తోనే నన్ను ఓడించావు కదరా!" అని చేతి కంకణం తీసి ముద్దనకు తొడిగాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"ఆస్థానంలో ఒక్కొక్కరం నలుగురేసి పిల్లల్ని పంచుకుందాం ప్రభూ. పొద్దున్నే పలకరించాలి. రాకపోతే వెళ్లి కనుక్కోవాలి. కనుక్కుని ఊరుకోకుండా ఏదో ఒకటి చేయాలి."

"మంత్రులు కూడానా?"

"వాళ్లూ కాస్త పెందలాడే లేస్తారు."

"సరే. పసివాళ్ల కోసం ఈ అరుగు మీదే ఉయ్యాలలు కట్టించి ఒక దాదిని ఉంచండి. ఏనుగులు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. మరి నా వంతు పిల్లలెవరు?"

ముద్దన మొదట బంగారి వైపు చూపించాడు.

మర్నాడు చీకటి విడుతుండగా గజకేసరి భూపతి కాలినడకన కుమ్మరివాడకు వెళ్లి ఒక పూరింటి ముందు నిలబడ్డాడు. "బంగారీ, బడికి పోదాం రా!" అని పిలిచాడు.

లోపలినుంచి జవాబు వచ్చింది, "జడ వేసుకుంటన్నా దొరా, కాసేపు ఆగండి!"

పుట్టి బుద్ధెరిగాక రాజుగారిని ఆగమన్నవాళ్లు లేరు. ఆయన చుట్టూ చూసి, బోర్లించి ఉన్న ఒక పెద్ద కుండ పక్కన చతికిలబడి, ఆ పిల్ల జడ పూర్తయ్యేదాకా ఆగాడు.