పేరంతా నక్కదే

జొన్నచేను పక్కన చొప్పపాకలో ముగ్గురు కలిసి వీడియో గేములు చేసిన రోజులను అడవిలో పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ఎద్దు కోటన్న ఓపిగ్గా కోడ్ రాసేవాడు. గిజిగాడు పిచ్చయ్య బొమ్మలు గీసేవాడు. నక్క నాగులు పొద్దస్తమానం ఆడి చూసి, "మామా, కుందేలు గోడలోంచి దూరిపోతోంది!" అని తప్పులు పట్టేవాడు. ఆ తప్పులకే ముగ్గురూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవారు. ఒకే తెర, ముగ్గురికీ కలిపి ఒక దోసెడు వేయించిన వేరుశనక్కాయలు. ఎంత బాగుండేదో!

ఆటలకు పేరొచ్చాక నాగులు మారిపోయాడు. గుహలో ఆఫీసు పెట్టి, తనే యజమాని అన్నాడు. ఆడి చూడటం మానేశాడు. ఎప్పుడు చూసినా "ఎప్పటికవుతుంది?" అనే మాటే.

ఒకనాడు వచ్చి, "వాగు దాటే ఆట రేపే ఇచ్చెయ్యాలి. సింహరాజుగారు ఆడతారట," అన్నాడు.

"అల్లుడూ, ఏడో లెవెల్లో నేల నిలవడం లేదు. కాలు పెడితే పాతాళమే. నాలుగు రోజులు ఆగు. నిదానమే ప్రధానం," అన్నాడు కోటన్న.

"ఆలస్యం అమృతం విషం, మామా! ఆయన అంతదాకా ఆడతారా ఏమిటి? అన్నట్టు, ఆట మొదట్లో వచ్చే మీ పేర్లు తీసేయండి. నాదొక్కటి చాలు."

కోటన్న ముఖం చిన్నబోయింది. పిచ్చయ్యకు కడుపు మండింది. సొమ్మొకడిది, సోకొకడిది! పైకి మాత్రం నవ్వి, "'ఇందులో ప్రతి గీతా, ప్రతి అడుగూ నాగులు ఒక్కడి చేతిపనే' అని వెయ్యనా?" అన్నాడు.

"అదీ మాటంటే! పెద్ద అక్షరాల్లో వెయ్యి."

మర్నాడు సింహం ఆడుతూ ఆడుతూ ఏడో లెవెల్‌కి చేరి, దబ్బున పాతాళంలో పడింది. మళ్లీ ఆడింది, మళ్లీ పడింది. సభంతా కిసుక్కుమంది.

"నన్ను నవ్వులపాలు చేసిందెవరు?"

"ఆ ఎద్దు పని, ప్రభూ!" అన్నాడు నాగులు.

"ప్రతి అడుగూ నీదేనని రాసుకున్నావుగా! అయితే ఏడో లెవెలూ నీదే. ఇక్కడే, ఇప్పుడే బాగుచెయ్యి."

నాగులు కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఏది నొక్కాలో తెలియలేదు. చెవులు వాలిపోయాయి. "నాకు రాదు ప్రభూ. చేసింది వాళ్లిద్దరూ," అని అందరి ముందూ ఒప్పుకున్నాడు.

కోటన్న నాలుగు రోజుల్లో నేల నిలబెట్టాడు. పేర్లు వేసేటప్పుడు పిచ్చయ్య, "నక్క పేరు వద్దే వద్దు," అన్నాడు.

"వెయ్యిరా. పాకలో వాడి కళ్లు లేకపోతే మన ఆటలు నిలిచేవా?" అన్నాడు కోటన్న.

మూడో వరసలో తన పేరు చూసుకుని నాగులు తలెత్తలేకపోయాడు.

పేరంతా నాదేనన్నవాడు తప్పంతా నాదేననక తప్పదు.