దిబ్బెక్కి క్షేమం అడిగిన గాడిద

అనగనగా ఒక అడవి. అడవంటే చెట్లే అనుకునేరు, అది గడ్డి అడవి పిల్లలూ! కనుచూపు మేరా గడ్డే. అందులో బట్టమేక పిట్టలు గుడ్లు పెట్టుకునేవి. గడ్డి ఏపుగా పెరిగిపోతే పాపం వాటికి తమ గుడ్లే కనిపించవు. అందుకని ఆవులు, గేదెలు, పొట్టిగుర్రాలు ఆ గడ్డి మేసి పెట్టేవి.

ఒకరోజు పిట్టల పెద్దమ్మ గంగులు అనే గాడిదను పిలిచింది.

"ఒరే గంగులూ, మనకోసం మేసేవాళ్ళ బాగోగులు మనమే చూడాలి. పొద్దున్నే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళు. కళ్ళు చూడు, కాళ్ళు చూడు, మేత తింటున్నారో లేదో చూడు" అంది.

"అదెంత పని పెద్దమ్మా!" అన్నాడు గంగులు.

మొదట్లో బాగానే తిరిగాడు. తర్వాత ముళ్ళు గుచ్చుకున్నాయి, ఎండ మండింది, ఒళ్ళు బరువెక్కింది. 'దేవుడు నాకింత గొంతు ఎందుకిచ్చినట్టు?' అనుకున్నాడు. దిబ్బెక్కి, "అందరూ క్షేమమేనా?" అని ఓండ్ర పెట్టాడు.

"క్షేమమే!" అన్నాయి ఆవులు. "క్షేమమే!" అన్నాయి గేదెలు. "క్షేమమే!" అన్నాయి గుర్రాలు.

ఇంకేం, పనైపోయింది! రోజూ అదే వరస.

ఒక పొద్దున మువ్వ అనే చిన్న గుర్రం గొంతు వినిపించలేదు. 'నోటినిండా గడ్డి ఉండుంటుందిలే' అనుకుని గంగులు నీళ్ళు తాగడానికి వాగుకు పోయాడు. అక్కడ కాలు జారి దభీమని బురదలో పడి, కాళ్ళు కూరుకుపోయి కదల్లేకపోయాడు. పక్కన చూస్తే మెడదాకా కూరుకుపోయి మువ్వ!

"నన్ను చూడ్డానికి వచ్చావా మామా?" అంది మువ్వ నీరసంగా.

"ఆఁ... అలాంటిదే" అన్నాడు గంగులు.

"నువ్వు అడిగినప్పుడు బాగోలేనని చెప్పాను మామా. రాత్రంతా అరిచి గొంతు పోయింది, నీకు వినపడలేదు."

గంగులుకు సిగ్గేసింది. మువ్వ ఇంకా కిందికి దిగిపోతుంటే భయమూ వేసింది. "కాపాడండి!" అని గొంతు చించుకున్నాడు.

"క్షేమమే!" అన్నాయి ఆవులు దూరం నుంచి. గంగులు అరవడం, తాము జవాబివ్వడం అలవాటైపోయి, ఏమన్నాడో ఎవరూ వినలేదు.

మళ్ళీ అరిచాడు. "క్షేమమే!" అన్నాయి గుర్రాలు.

ఈసారి ఏడుస్తూ అరిచాడు. "చెప్పాం కదయ్యా! ఎన్నిసార్లు అడుగుతావు?" అని గేదెలు విసుక్కున్నాయి.

ఎండెక్కాక నల్లమ్మ అనే గేదె బురదలో పొర్లడానికి వచ్చింది.

"ఏమర్రా, నా బురదలో మీకేం పని?" అంది.

"మునిగిపోతున్నాం అత్తా!"

"అయ్యో, మరి ఒక్క కేక వెయ్యకపోయారా?"

గంగులు మువ్వ వైపు మూతి చూపి, "ముందు మువ్వను తియ్యి అత్తా" అన్నాడు. నల్లమ్మ బురదలోకి దిగి మువ్వను భుజంతో గట్టుకు నెట్టింది. గంగులును మాత్రం కొమ్ములతో వెనకనుంచి నెట్టింది. ఎక్కడ గుచ్చుకుందో అడక్కండి!

మర్నాటి నుంచి గంగులు తోకనిండా పల్లేరుకాయలతో అడవంతా తిరుగుతున్నాడు. ఎవరి గొంతు వినపడకపోతే ముందు వాళ్ళ దగ్గరికే పరుగు. మువ్వ దగ్గరికొచ్చి కాళ్ళు చూస్తాడు, కళ్ళు చూస్తాడు, ఆఖర్న చెవిలో "క్షేమమేనా?" అని ఓండ్ర పెడతాడు.

"నువ్వు అరిచేదాకా క్షేమమే మామా!" అంటుంది మువ్వ, చెవులు దులుపుకుంటూ.

నీతి: దూరం నుంచి కేకేస్తే బాగున్నవాళ్ళే పలుకుతారు. బాగోలేనివాళ్ళ దగ్గరికి మనమే నడిచి వెళ్ళాలి.